పిల్లలు ఉన్నట్టుండి కళ్ళు తిరిగి పడిపోతుంటే, గుండె దడ అంటుంటే ఏం చేయాలి

జడ వేస్తుంటే పడిపోయింది మా అమ్మాయి. పొద్దున్న ఏడు గంటలు, స్కూలు బస్సు వచ్చే టైము, నిలబెట్టి రెండో జడకి రిబ్బను కడుతున్నాను. "అమ్మా, చెవుల్లో గుయ్యిమంటోంది" అంది. "కదలకు, ఒక్క నిమిషం" అన్నాను. ఆ నిమిషం కూడా గడవకుండానే మోకాళ్ళు మడతపడి నా చేతుల్లోంచి జారిపోయింది, పెదాలు తెల్లగా పాలిపోయాయి, చేతులు రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి. ఓ పది సెకన్లకి కళ్ళు తెరిచి "బస్సు వచ్చిందా?" అని అడిగింది.

అసలు సంగతి తెలియడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా గుంటూరులోనే ఒక ఆసుపత్రిలో ఫిట్స్ అని మందులు మొదలుపెట్టారు, ఇంకోచోట నీరసం అని టానిక్ రాశారు, స్కూల్లో అయితే పరీక్షల భయంతో కావాలని చేస్తోందేమో చూసుకోండి అన్నారు. ఆ మాట విన్న రోజు పిల్ల రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి మాకు దారి చూపించింది నేను నోట్‌బుక్‌లో రాసుకెళ్ళిన నాలుగు పేజీలు. పిల్ల పడిపోయినప్పుడు డాక్టరు అక్కడ ఉండరు, మనమే ఉంటాం. మనం చూసింది చూసినట్టు చెప్పగలిగితే సగం పని అక్కడే అయిపోతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు పడిపోయిన ఆ క్షణం గురించి. నేల మీదే వెల్లకిలా పడుకోబెట్టండి, కాళ్ళు పీట మీదో మీ ఒళ్ళోనో ఎత్తి పెట్టండి, మెడ దగ్గర, నడుము దగ్గర బట్టలు వదులు చేయండి. వాంతి వచ్చేలా ఉన్నా, కొట్టుకుంటున్నా పక్కకి తిప్పండి. మనకి చెయ్యి వెంటనే ఎత్తి కూర్చోబెట్టడానికే పోతుంది, అది చేయకండి, మెదడుకి రక్తం తగ్గినందుకే పిల్ల పడింది కాబట్టి తల పైకి లేపితే తెలివి రావడం ఇంకా ఆలస్యమవుతుంది. మా అత్తయ్య తాళాలగుత్తి చేతిలో పెట్టమని, ఉల్లిపాయ వాసన చూపించమని కంగారుపడింది. పాపం ఆవిడ ప్రాణం ఆవిడది, కానీ తాళాల వల్ల ఒరిగేదేమీ లేదు, నోట్లో నీళ్ళు పోస్తే మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మామూలు సొమ్మ (కళ్ళు తిరిగి కాసేపు తెలివి తప్పడం) అయితే నిమిషం లోపే తెలివి వస్తుంది. ఒకటి రెండు నిమిషాలైనా రాకపోతే 108కి ఫోన్ చేయండి. ఊపిరి తీసుకోకపోయినా, ఎగశ్వాసలాగా వస్తున్నా మాత్రం వెంటనే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టండి. తెలివి వచ్చాక కూడా ఓ పావుగంట లేవనివ్వొద్దు, లేస్తే మళ్ళీ పడతారు, మా పిల్ల రెండోసారి అలాగే పడి గడపకి గడ్డం కొట్టుకుంది.

ఇంట్లో ఇంకొకరు ఉంటే వాళ్ళని వీడియో తీయమనండి. పిల్ల ఆ స్థితిలో ఉంటే వీడియో ఏంటి అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ డాక్టరుకి ఆ ఇరవై సెకన్ల వీడియో కంటే పనికొచ్చేది ఇంకోటి లేదు.

ఆ రోజే, మర్చిపోకముందే రాయండి. ఎన్ని గంటలకి, నిలబడి ఉందా, కూర్చుని ఉందా, పడుకుని ఉందా, ఏం చేస్తోంది, ఏం తింది, నీళ్ళు తాగిందా, నెలసరి టైమా. పడేముందు ఏమనిపించింది: కళ్ళు మసకబారడం, చెవుల్లో హోరు, వికారం, చెమటలు. గుండె దడ ముందొచ్చి తర్వాత పడిందా, లేచాక దడ వచ్చిందా అనేది తప్పకుండా అడిగి రాయండి. రంగు ఎలా ఉంది, ఎన్ని సెకన్లు కొట్టుకుంది, నాలుక కొరుక్కుందా. అన్నిటికంటే ముఖ్యం, తెలివి రాగానే ఏం మాట్లాడింది. సొమ్మలో కూడా కొన్ని సెకన్లు చేతులు కాళ్ళు కొట్టుకోవడం మామూలే, అది చూసి చాలామంది ఫిట్స్ అనుకుంటారు. ఫిట్స్ అయితే సాధారణంగా నిమిషం పైగా కొట్టుకుని, నాలుక పక్కన కొరుక్కుని, తర్వాత చాలాసేపు మత్తుగా, అయోమయంగా ఉంటారు. మా అమ్మాయి "బస్సు వచ్చిందా" అని అడిగిందని నేను రాసిన లైను కింద డాక్టరుగారు గీత గీశారు. అప్పటికి ఆరు నెలలుగా ఫిట్స్ మందు వేస్తున్నాం. ఒక మాట, మీకు అనుమానం వచ్చినా ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే నిజంగానే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

పిల్లల్లో వచ్చే సొమ్మల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. ఎండలో ప్రేయర్‌కి నిలబడటం, రక్తం చూడటం, సూది మందు, వేడినీళ్ళ తలంటు, టిఫిన్ మానేయడం, అదిగో జడ వేయడం కూడా, ఆడపిల్లల్లో జుట్టు దువ్వేటప్పుడు సొమ్మ రావడం డాక్టర్లకి బాగా తెలిసిన విషయమే. వీటిలో బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి పిల్ల కూలిపోతుంది. కానీ కొన్ని గుర్తులు ఉంటే రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పరిగెడుతుండగా, ఆడుతుండగా, ఈత కొడుతుండగా పడిపోవడం (ఆట అయ్యాక నిలబడి ఉన్నప్పుడు పడటం వేరు, ఆట మధ్యలో పడటం వేరు). అలారం మోగినా, టపాకాయ పేలినా, గట్టిగా భయపడినా పడిపోవడం. ఏ సూచనా లేకుండా స్విచ్ ఆపేసినట్టు పడటం. పడుకుని ఉండగా తెలివి తప్పడం. దడ మొదలై వెంటనే పడిపోవడం. ఛాతీలో నొప్పి.

ఇంకోటి, ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడగండి. చిన్న వయసులో నిద్రలో పోయినవాళ్ళు, ఈత వచ్చి కూడా కాలవలో మునిగిపోయినవాళ్ళు, పుట్టుచెవుడు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. మనవైపు మేనరికాలు ఎక్కువ, గుండె లయకి సంబంధించిన జబ్బుల్లో కొన్ని తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం వచ్చి కలిస్తేనే బయటపడతాయి, పుట్టుచెవుడుతో కలిసి వచ్చే లాంగ్ క్యూటీ (ఈసీజీలో క్యూటీ అనే కొలత, అంటే ప్రతి దెబ్బకీ గుండె తిరిగి సిద్ధమవడానికి పట్టే సమయం, ఎక్కువగా ఉండే జబ్బు) అలాంటిదే. "గాలి సోకి పోయాడు" అని ఇంట్లో చెప్పుకునే మేనమామ కథ కూడా డాక్టరుకి చెప్పాల్సిందే.

ఇక దడ. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటరు చాలా ఇళ్ళల్లో ఉంది, బీరువాలోంచి తీయండి. దాన్ని పూర్తిగా నమ్మకుండా మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. పొద్దున్నే పిల్లని పది నిమిషాలు ప్రశాంతంగా పడుకోబెట్టి నాడి, వీలైతే బీపీ చూడండి. తర్వాత గోడకి కొంచెం దూరంగా మడమలు పెట్టి, వీపు గోడకి ఆనించి నిలబెట్టండి, కదలకుండా, మాట్లాడకుండా, ఒకటో నిమిషం, మూడు, అయిదు, పదో నిమిషం దగ్గర మళ్ళీ చూడండి. మీరు పక్కనే ఉండాలి, కింద పరుపు వేయాలి, కళ్ళు తిరుగుతున్నాయి అనగానే పడుకోబెట్టేయాలి. పైన చెప్పిన ప్రమాద గుర్తుల్లో ఏదున్నా ఇది ఇంట్లో చేయొద్దు. మా అమ్మాయికి పడుకుంటే 82, నిలబడిన మూడో నిమిషానికి 126, పదో నిమిషానికి 131, పాదాలు వంకాయ రంగులోకి తిరిగాయి. 12 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో నిలబడిన పది నిమిషాల్లో బీపీ పెద్దగా పడకుండానే నాడి 40 లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతూ, మూడు నెలలుగా ఇబ్బందులు ఉంటే దాన్ని పాట్స్ అంటారు. జ్వరం వచ్చి తగ్గాకో, ఒక్కసారిగా పొడుగు పెరిగేటప్పుడో మొదలవడం చాలామందిలో చూస్తారు. అయితే రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఎక్కువైనా, ఒంట్లో నీళ్ళు తగ్గినా ఇలాగే కొట్టుకుంటుంది కాబట్టి మీరే పేరు పెట్టుకోకుండా ఆ అంకెలు డాక్టరుకి చూపించండి.

కూర్చుని టీవీ చూస్తుండగా హఠాత్తుగా దడ మొదలై, లెక్కపెట్టలేనంత వేగంగా, 180, 200 పైన కొట్టుకుని, మొదలైనట్టే హఠాత్తుగా ఆగిపోతే అది వేరే కథ, గుండెలో కరెంటు దారి తప్పి తిరగడం, ఎస్‌వీటీ అంటారు. అప్పుడు ఇంట్లో కూర్చోకుండా ఈసీజీ ఉన్న దగ్గరలోని క్లినిక్‌కి పరుగెత్తండి, దడ నడుస్తుండగా తీసిన ఒక్క ఈసీజీ చాలు. పెద్ద పిల్లలైతే 10 ఎంఎల్ సిరంజి మొనలోకి గట్టిగా పదిహేను సెకన్లు ఊదించి పడుకోబెట్టి కాళ్ళెత్తడం వంటివి డాక్టర్లు నేర్పిస్తారు, వాళ్ళ దగ్గరే నేర్చుకోండి. కళ్ళ మీద నొక్కితే తగ్గుతుందని ఎవరైనా చెబితే అస్సలు చేయకండి. ఈ ఎస్‌వీటీ చాలామందికి వైరుతో ఆ దారిని కాల్చేసే చికిత్సతో పూర్తిగా నయమవుతుంది.

పరీక్షల దగ్గర మేం చేసిన పొరపాటు ఎకో (గుండె స్కానింగు) నార్మల్ అనగానే గుండె బాగుందని వదిలేయడం. ఎకో గుండె ఆకారం, కవాటాలు, కండరం ఎలా ఉన్నాయో చెబుతుంది. లయ గురించి చెప్పేది ఈసీజీ, ఖర్చు కూడా తక్కువ. సొమ్మ వచ్చిన ప్రతి పిల్లకీ కనీసం ఒక ఈసీజీ తీయాలి, దాంట్లో క్యూటీ ఎంతుందో డాక్టరుని నోరు తెరిచి అడగండి. ఈసీజీ బాగున్నా, పరిగెత్తేటప్పుడు పడిపోతుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష అడగాలి, కొన్ని జబ్బులు శ్రమలోనే బయటపడతాయి. 24 గంటల హోల్టరు (రోజంతా ఒంటికి కట్టి ఉంచి గుండె లయని రికార్డు చేసే చిన్న యంత్రం) కట్టినప్పుడు దడ రాకపోతే అది ఏమీ లేదన్నట్టు కాదు. రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, షుగర్ చూపించండి. గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రులు వరసగా ఉంటాయి, అన్నీ తిరిగేకంటే ఒక పిల్లల డాక్టరుని నమ్ముకుని వారి ద్వారా పిల్లల గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళడం మేలు. డబ్బు ఇబ్బంది అయితే పెద్దాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి, తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి ఉంది. అందరూ ఇంకా ఆరోగ్యశ్రీ అనే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో ముందే అడగండి. కారణం తేలేదాకా జలుబు, జ్వరం అని మెడికల్ షాపులో అజిత్రోమైసిన్, వాంతులకి ఒండాన్‌సెట్రాన్ వంటివి అడిగి తెచ్చి వేయకండి, క్యూటీ ఎక్కువున్న పిల్లలకి అవి ప్రమాదం. ఈతకి, ఘాట్లకి కూడా ఒంటరిగా పంపొద్దు.

మాది పాట్స్ అని తేలాక రోజు మార్చుకున్నాం. కళ్ళు తెరవగానే మంచం మీదే రెండు గ్లాసుల నీళ్ళు, అయిదు నిమిషాలు కూర్చుని అప్పుడు లేవడం. రోజంతా కలిపి రెండు, రెండున్నర లీటర్లు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ సీసా బ్యాగులో ఉంటుంది, డాక్టరు మాకు ఉప్పు పెంచమన్నారు, కిడ్నీ, బీపీ ఇబ్బందులు ఉన్నవాళ్ళకి అది కుదరదు కాబట్టి అడక్కుండా పెంచకండి. ఓఆర్‌ఎస్ కొంటే లీటరు నీళ్ళలో కలిపే, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి పొట్లమే తీసుకోండి, తియ్యటి డబ్బా పానీయాలు అలాంటివి కావు, వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా. స్నానానికి గోరువెచ్చని నీళ్ళు, బాత్రూంలో స్టూలు, లోపల గడియ పెట్టకూడదు. జడ పీట మీద కూర్చోబెట్టి వేస్తున్నాను. మే నెలలో మన ఎండలకి మధ్యాహ్నం బయటికి పంపం, దసరాకి దుర్గమ్మ గుడి క్యూలో నిలబెట్టం. కళ్ళు మసకబారుతున్నాయి అనగానే కాళ్ళు కత్తెరలా వేసి తొడలు, పిరుదులు గట్టిగా బిగించడం, లేదా గొంతుకూర్చోవడం నేర్పాం, సగం సార్లు పడకుండా ఆగిపోతోంది. వ్యాయామం పడుకుని చేసేవాటితో మొదలుపెట్టాం, గాల్లో సైకిలు తొక్కినట్టు కాళ్ళాడించడం, రోజుకి అయిదు నిమిషాలు, వారానికి ఓ నిమిషం పెంచుతూ. మొదటి నెల ఏమీ తేడా కనిపించలేదు, పిల్ల విసుక్కుంది, నాకూ ఏడుపొచ్చింది. మూడో నెలకి మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళి బట్టలు తెచ్చింది.

స్కూలుకి నోటిమాట చాలదు. డాక్టరు సంతకంతో ఒక పేజీ తీసుకెళ్ళి క్లాస్ టీచరుకి, పీఈటీ సారుకి, హాస్టల్లో ఉంటే వార్డెనుకి విడివిడిగా ఇవ్వండి. అందులో ఇవి ఉండాలి: ప్రేయర్‌లో కూర్చోనివ్వాలి, క్లాసులో నీళ్ళు తాగనివ్వాలి, బాత్రూంకి ఒంటరిగా పంపకూడదు, పడిపోతే పడుకోబెట్టి కాళ్ళెత్తాలి, ఎన్ని నిమిషాలకి 108కి ఫోన్ చేయాలి, మీ నంబరు. పక్క బెంచీ అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి. మా వాళ్ళ క్లాసులో మొదట పరిగెత్తుకొచ్చి కాళ్ళెత్తి పట్టుకునేది ఆ పిల్లే.