బండి మీద పూతరేకులు నలగకుండా

ఆత్రేయపురం నుంచి మా అత్తయ్య పంపే పూతరేకులు రాత్రి బస్సులో బెంగళూరులోని మడివాళ వరకు క్షేమంగానే వస్తాయి. టెన్షనంతా అక్కడి నుంచి మారతహళ్లి దాకా, నా బండి మీదే.

పెట్టెను వెనక సీటుకి తాడేసి కట్టకండి. వెనక చక్రం ఎగిరిన ప్రతిసారీ దెబ్బ పెట్టెకే తగులుతుంది. తాడు బిగిస్తే అట్ట లోపలికి నొక్కుకుని పై వరస నలుగుతుంది. ట్యాంకు మీదా వద్దు, ఇంజిన్ వేడికి నెయ్యి కారుతుంది.

వీపున బ్యాగే మేలు. కుదుపు చాలావరకు మన ఒళ్లే మింగేస్తుంది. అడుగున మడతపెట్టిన తువ్వాలు, దాని మీద స్టీలు డబ్బా. డబ్బాలో పూతరేకులు పడుకోబెట్టి, సందుల్లో టిష్యూ పేపర్లు మెత్తగా కూరండి. ఊపితే లోపల ఏమీ కదలకూడదు. మబ్బు పడితే డబ్బాని ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. బియ్యప్పిండి రేకుకి తడి తగిలిందా, ఇక ముద్దే.

సిల్క్ బోర్డు దాటాక వేగం పెంచాలనిపిస్తుంది, వద్దు. హంపు కనబడగానే బ్రేకు ముందే వేసి, ఎక్కేటప్పుడు వదిలేసి, ఫుట్‌రెస్టుల మీద కాస్త లేవండి. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి.