రాణులైన అక్కాచెల్లెళ్ల కథలో శక్తిని దాచే పద్ధతి

ఒకే సింహాసనానికి పోటీపడే అక్కాచెల్లెళ్ల చీకటి కథ రాయదలచిన యువ రచయితలు ముందుగా నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని చూడాలి. గర్భగుడిలో లింగం వెనుక గోడపై పగలంతా స్తంభపు నీడ నిలిచి ఉంటుంది. అయితే అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు, పలు స్తంభాల మధ్యనుంచి చెదిరి వచ్చే వెలుగు వల్ల ఏర్పడేది. చెల్లెలి మాయాశక్తినీ ఇలాగే మలచండి: ఫలితం మొదటి అధ్యాయంలోనే అందరికీ కనబడాలి, మూలం మాత్రం అక్కకు సైతం అంతుపట్టకూడదు. శక్తికి మూల్యం తప్పనిసరి; వాడిన ప్రతిసారీ ఆమె ఒక చిన్ననాటి జ్ఞాపకాన్ని కోల్పోతూ, చివరకు అక్క తనను చంకనెత్తుకొని పానగల్లులోని ఉదయసముద్రం చెరువు కట్టపై నడిచిన సాయంత్రాన్నే మరచిపోతే, వైరం దానంతటదే పదునెక్కుతుంది. యుద్ధాలను క్లుప్తంగా ముగించండి. అక్కను దుష్టురాలిగా చిత్రించడం నాకు సమ్మతం కాదు; ఆమె భయానికి న్యాయమైన కారణం ఉండాలి, అది చెల్లెలికి ముందే తెలిసి ఉండాలి.