ఏప్రిల్ ఒకటిన డ్యాష్‌బోర్డు తెరవాలనుకునేవారికి కొన్ని జాగ్రత్తలు

మార్చి వచ్చేసరికి చాలామంది యజమానులకు ఒకే కోరిక పుడుతుంది. కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి ఎక్సెల్ షీట్లు మానేసి, లెక్కలను గ్రాఫులుగా తెర మీద చూపించే పవర్ బీఐ, టాబ్లో లాంటి సాధనాల్లో రిపోర్టులు చూసుకోవాలని. కోరిక మంచిదే, ముహూర్తమే బాగాలేదు. మార్చి 31కి స్టాకు లెక్క, ఏప్రిల్‌లో పద్దుల ముగింపు, 11వ తేదీకి అమ్మకాల జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-1), 20వ తేదీకి పన్ను కట్టే రిటర్ను (3బి). అకౌంట్స్ విభాగం తలెత్తే పరిస్థితి ఉండదు. కొత్త రిపోర్టులో అంకె తప్పో ఒప్పో చెప్పగలిగినవాళ్లు వాళ్లే కదా! జూన్‌లో మొదలుపెట్టండి. అప్పటికి పాత సంవత్సరం లెక్కలు కుదురుకుంటాయి, సరిపోల్చుకోవడానికి ఒక గట్టి అంకె చేతిలో ఉంటుంది.

లైసెన్సు కొనడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. ‘అమ్మకం’ అంటే మీ కంపెనీలో అర్థమేమిటో కాగితం మీద రాసుకోవాలి. నవ్వకండి. నేను పనిచేసిన ఒక పంపిణీ సంస్థలో ఆ నెల అమ్మకం సేల్స్ మేనేజర్ లెక్కలో 4.13 కోట్లు, అకౌంటెంట్ లెక్కలో 3.38 కోట్లు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మేనేజర్‌ది 18 శాతం జీఎస్టీ కలిపిన మొత్తం. అకౌంటెంట్ పన్ను తీసేసి 3.50 కోట్లకు వచ్చి, వెనక్కి వచ్చిన 12 లక్షల సరుకు కూడా తగ్గించారు. అంతకుముందు ఎవరి షీటు వారి దగ్గర ఉండేది కాబట్టి తేడా బయటపడలేదు. అందరూ ఒకే తెర చూడాల్సి వచ్చిన రోజున గొడవ మొదలై, నింద సాఫ్ట్‌వేర్ మీద పడింది. పన్నుతోనా, పన్ను లేకుండానా? బిల్లు తేదీయా, సరుకు చేరిన తేదీయా? వెనక్కి వచ్చిన సరుకుకు ఇచ్చే తగ్గింపు పత్రం, అంటే క్రెడిట్ నోటు, ఏ నెలలో తగ్గాలి? బకాయిని ఎన్ని రోజుల తర్వాత బకాయి అనాలి? ఒక్క పేజీ చాలు. కింద యజమాని సంతకం మాత్రం ఉండాలి. లేకపోతే మూడో నెలలో ఎవరో ఒకరు ‘నేనలా అనలేదు’ అంటారు.

తర్వాత ఖాతాదారుల జాబితా. మన పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కించినప్పుడు ‘శ్రీ’ మూడు రకాలుగా, ‘లక్ష్మి’ రెండు రకాలుగా తయారవుతాయి. ఒకే శ్రీలక్ష్మి ట్రేడర్స్ జాబితాలో నాలుగైదు దుకాణాలుగా కనిపిస్తుంది. ఎక్సెల్ చేసే మనిషికి అవన్నీ ఒకటేనని తెలుసు, సాధనానికి తెలియదు. పేరుతో కాకుండా జీఎస్టీ నంబరుతో కలపండి. దానిలోని 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రానివి, తర్వాతి పది పాన్ నంబరు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్న ఒకే పార్టీకి మొదట్లో 36, 37 తేడా ఉన్నా మధ్యలోని పాన్ మారదు. జీఎస్టీ లేని చిన్న కొట్లకు ఫోను నంబరే గతి.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది తేదీ. మన బిల్లు మీద 05/04 అంటే ఏప్రిల్ ఐదు. కంప్యూటర్‌లో ప్రాంతం అమెరికా అని ఉంటే అదే మే నాలుగు అవుతుంది. ఒక కంపెనీలో ఏప్రిల్ అమ్మకాలు బాగా పడిపోయాయని రిపోర్టు చూపించింది. మీటింగులో సేల్స్ వాళ్లకు చీవాట్లు కూడా పడ్డాయి. విడదీసి చూస్తే, ఏప్రిల్ ఒకటి బిల్లులు జనవరి నాలుగుకి, రెండో తేదీవి ఫిబ్రవరి నాలుగుకి, అలా పన్నెండో తేదీవి డిసెంబరు నాలుగుకి వెళ్లిపోయాయి. ఏప్రిల్‌లో సరిగ్గా మిగిలినవి నాలుగో తేదీ బిల్లులే. పదమూడు నుంచి నెలలు లేవు కాబట్టి ఆ వరుసలన్నీ ఎర్రర్లుగా వచ్చాయి. రిపోర్టు తయారుచేసిన కుర్రవాడు ఎర్రర్లను తీసేయమని ఒక్క బటన్ నొక్కాడు. సగానికి పైగా నెల మాయం! కాబట్టి ఎర్రర్లు కనిపిస్తే తీసేయకండి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కారణం వెతకండి. గ్రాఫులో ప్రతి నెలా నాలుగో తేదీన గీత లేస్తుంటే వెంటనే తేదీల అమరికను అనుమానించండి.

తేదీలతో ఇంకో రెండు చిక్కులు. ఈ సాధనాలు మీరు చెప్పకపోతే సంవత్సరాన్ని జనవరి నుంచే లెక్కిస్తాయి. ఏడాది ముగిసేది మార్చి 31న అని సూత్రంలో చెప్పాలి. రెండోది, పవర్ బీఐ ఆన్‌లైన్ సేవలో గడియారం మనది కాదు. తెల్లవారుజామున 5.30 వరకు దానికి ఇంకా నిన్నే. మామూలు ఆఫీసుకు ఇది పట్టదు గానీ, నాలుగింటికే పాల వ్యాన్లు కదిలే డెయిరీలో ‘ఈరోజు లోడింగు’ అని నిన్నటి అంకె కనిపిస్తే పెద్ద చిక్కే. ఇక 41 లక్షలను 4.1 మిలియన్లుగా చూపిస్తే మన పెద్దవాళ్లు ఆ పేజీ మళ్లీ తెరవరు. లక్షలు, కోట్లలోకి మార్చే అమరిక మొదటి రోజే పెట్టేయండి.

సమాచారం ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంటే దాన్ని ఆన్‌లైన్ సేవకు చేరవేసే గేట్‌వే అనే ప్రోగ్రామ్ కావాలి. ఆ కంప్యూటర్ రాత్రి కట్టేస్తే రిఫ్రెష్, అంటే కొత్త అంకెలు ఎక్కడం, జరగదు. వరుసగా నాలుగుసార్లు విఫలమైతే పవర్ బీఐ ఆ షెడ్యూలునే ఆపేస్తుంది. రిపోర్టు మాత్రం అదే రంగుల్లో, అదే ధీమాతో పాత అంకెలు చూపిస్తూనే ఉంటుంది. అందుకే ప్రతి పేజీ పైమూలన ‘ఫలానా రోజు, ఫలానా సమయం వరకు’ అని పడేలా చేయించండి.

ఖర్చు లెక్కలో తయారుచేసేవారిని కాదు, చూసేవారిని లెక్కపెట్టండి. పవర్ బీఐలో ప్రో అనే లైసెన్సు పద్ధతిలో చూసేవారికి కూడా లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో అది నెలకు ఒక్కొక్కరికి 10 డాలర్ల నుంచి 14 అయింది. ముప్పై మందికి ఏడాదికి 5,040 డాలర్లు. ఈ ఖర్చు తప్పించుకోవాలని కొందరు ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కి ఆ లింకు వాట్సాప్‌లో పంపుతారు. ఆ లింకుకు పాస్‌వర్డు ఉండదు, ఎవరి చేతికి చిక్కినా మీ పద్దులు తెరిచినట్టే. ఆ అవకాశాన్ని అడ్మిన్ ఖాతాలోంచే మూసేయండి. ఏ బ్రాంచి వాళ్లకు ఆ బ్రాంచే కనిపించేలా వరుసలవారీ నియంత్రణ పెట్టినా, అది కేవలం చూసే హక్కు ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. రిపోర్టులు ఉంచే ఉమ్మడి చోటైన వర్క్‌స్పేస్‌లో మార్పుచేర్పుల హక్కు ఇచ్చారంటే వాళ్లకు అన్నీ కనిపిస్తాయి, జీతాలతో సహా. ఖాతాలు కూడా కంపెనీ మెయిల్ మీదే ఉండాలి. పని చేసిపెట్టే బయటి మనిషి ఖాతాలో కట్టిన రిపోర్టు ఆయనతోనే పోతుంది.

రెండు నెలల ముగింపులు గడిచేదాకా పాత షీటూ కొత్త రిపోర్టూ పక్కపక్కన నడవనివ్వండి. రెండింటినీ ట్రయల్ బ్యాలెన్స్‌తో (అన్ని ఖాతాల నిల్వల పట్టిక) సరిచూడండి. ఎక్కడ తేడా వచ్చినా కొత్తదే తప్పని అనుకోనక్కర్లేదు. మేము చూసిన ఒక షీటులో పసుపు రంగు గడి ఒకటి ఉండేది. సూత్రం చివర చేత్తో కొట్టిన మైనస్ 45,000. ఒక గోడౌన్ అద్దె రెండుసార్లు పడుతోందని ఎప్పుడో సర్దిన మొత్తమట. ఆ గోడౌన్ ఖాళీ చేసి మూడేళ్లయింది, గడి మాత్రం నెలనెలా 45,000 తగ్గిస్తూనే ఉంది. అది పెట్టిన గుమాస్తా గారు అడిగేదాకా చెప్పలేదు, ఎందుకంటే అంతవరకు ఎవరూ అడగలేదు. కొత్త రిపోర్టు వస్తే తన ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఆయనకు ఉండొచ్చు. ముందు ఆ భయం తీర్చండి. తర్వాత కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, ఒక్కో షీటు తెరిపించి, రంగు వేసిన ప్రతి గడి సంగతీ అడిగి రాసుకోండి.