ఖోలీ ఖాళీ చేసేలోపు

మా తాత నల్లగొండ నుంచి వచ్చి బొంబాయి బట్టల మిల్లులో సాంచెలు (మగ్గాలు) నడిపాడు. వర్లీ బీడీడీ చాల్‌లో, అంటే వరుస గదుల ఉమ్మడి భవనంలో, ఆయనకు దొరికిన ఒక్క గది ఖోలీలోనే మేం మూడు తరాల వాళ్లం బతికాం. 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డైరెక్టరేట్ (బీడీడీ) కట్టించిన ఈ భవనాలను కూల్చి ఇప్పుడు టవర్లు కడుతున్నారు. మీరుండే పాత భవనానికీ ఆ వంతు వస్తే, అక్కడి బతుకును దాచుకోవడానికి కెమెరా కంటే ముందు కొలిచే టేపు తీయండి.

ఖోలీ కొలవండి. కాగితం మీద అది 160 చదరపు అడుగులు. మోరీ (గదిలోనే నీళ్లు వాడుకునే మూల), పొయ్యి గట్టు, బీరువా పోగా నేల ఎంత మిగిలిందో గీయండి. రాత్రి ఎవరు ఎక్కడ పడుకునేవారో ఆ బొమ్మలోనే రాయండి. మా ఇంట్లో తొమ్మిది మంది. బాబాయి రాత్రి పాళీ నుంచి వచ్చేసరికి అన్నయ్య లేవాలి, ఇద్దరికీ చాప ఒక్కటే. ఫొటోలో చాప పడుతుంది కానీ ఈ లెక్క పడదు.

పెద్దవాళ్లను "చాల్ జీవితం గురించి చెప్పండి" అని అడగకండి. అలా అడిగితే మా పెద్దమ్మ "ఏముంది చెప్పడానికి" అని ఉల్లిపాయలు తరుక్కుంది. మర్నాడు మూలనున్న ఇత్తడి బిందె చూపించి, ఇంత ఇరుకులో దీన్నెందుకు దాచావని అడిగాను. 1982 మిల్లు కార్మికుల సమ్మెలో దాన్ని ఎన్నిసార్లు తాకట్టు పెట్టి విడిపించిందో గంటన్నర చెప్పింది. నా తెలివికి, రికార్డు చేసే ఫోను ఫ్యాను కింద పెట్టాను, సగం గాలి చప్పుడే మిగిలింది. ఫ్యాను ఆపండి. చెమట పడితే పట్టనివ్వండి.

మధ్యలో నడవా, అటూ ఇటూ కలిపి అంతస్తుకు 20 ఖోలీలు. నీళ్లు వచ్చే వేళకు అక్కడ నిలబడి శబ్దం మాత్రం పట్టండి: బకెట్లు, మరాఠీలో ఒక తిట్టు, దానికి తెలుగులో జవాబు. ఉమ్మడి మరుగుదొడ్లను ఫొటో తీస్తానంటే మావాళ్లు సిగ్గుపడ్డారు. తీయండి, ఎవరూ లేనప్పుడు. పొద్దున అక్కడ బారులో నిలబడనివారు చాల్‌లో లేరు.

అద్దె రసీదులు, రేషన్ కార్డులు, పెళ్లి పత్రికలు అడిగి ఫొటో తీసుకోండి, బయటివారికి చూపేటప్పుడు నంబర్లు కప్పేయండి. ఒక నకలు ఊళ్లో చుట్టాల దగ్గర ఉంచండి.

అందరూ వెళ్లిపోయాక తీరిగ్గా తీయవచ్చని మాత్రం ఆగకండి. పక్క భవనం విషయంలో నేను అలాగే ఆగాను. ఖాళీ గదుల ఫొటోలు 60 దాకా ఉన్నాయి, ఏది ఎవరి ఇల్లో చెప్పలేను.