పాత విక్టోరియన్ నగల పెట్టెను తడిగుడ్డతో తుడవకండి

ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837–1901 మధ్య చేసిన చెక్క నగల పెట్టె చేతికి రాగానే ఎవరికైనా తడిగుడ్డతో తుడవాలనిపిస్తుంది. ఆ ఒక్క పనీ చేయకండి. పైకి కనిపించే రోజ్‌వుడ్, వాల్‌నట్ చాలా పెట్టెల్లో పలుచటి పొర మాత్రమే. లోపల ఉండేది పైన్ చెక్కో మహాగనీ చెక్కో. (కోరమాండల్ అనే చారల నల్లచెక్క కూడా వాడేవారు. ఆ పేరు మన తూర్పు తీరానిదే.) ఆ పొరను అతికించింది జంతువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురుతో. నీళ్లు తగిలితే జిగురు మెత్తబడి, మొదట మూలల దగ్గర పొర లేస్తుంది. నేను అలాగే తుడిచి ఇత్తడి పట్టీ పక్కన గోరంత ముక్క ఊడగొట్టుకున్నాను. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, కాస్త మైనం పాలిష్ రాస్తే చాలు.

కింది సొరుగు రావడం లేదా? స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించకండి. మూత తెరిచి లోపలి అంచు వెంట వేలితో తడిమి చూడండి. కొన్ని పెట్టెల్లో అక్కడ చిన్న ఇత్తడి పిన్ను ఉంటుంది. దాన్ని పైకి లాగితే లోపలి స్ప్రింగు సొరుగును ముందుకు తోస్తుంది. మూతలో అద్దం వెనక ఉత్తరాలు దాచుకునే అర కూడా ఉండొచ్చు, అదీ చూడండి.

కొనేవాళ్లు ఒక స్క్రూ విప్పి చూడటం మంచిది. 19వ శతాబ్దం మధ్య వరకూ స్క్రూలు సాధారణంగా మొద్దు మొనతోనే వచ్చేవి. అందుకే మొద్దు మొన పాతదనానికి ఒక గుర్తు. కానీ స్క్రూలను తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి, దాన్ని బట్టే ధర ఒప్పుకోకండి.