అగ్నిపర్వతాల సిగ్నళ్లు చదవడం – 5వ పాఠం: ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉంటే మాగ్మాయేనా?

పోయిన పాఠం చివర ఏ రకమో గుర్తుపట్టమని ఇచ్చిన భూకంప సిగ్నళ్లకు మీ జవాబులన్నీ చూశాను. సిరొంచ, అంకీసా, అహేరి నుంచే కాదు, చంద్రపూర్ హాస్టళ్లలో ఉండి మరాఠీ మీడియంలో చదువుతున్న పిల్లలు కూడా తెలుగులో రాసి పంపారు, చాలా సంతోషం. కానీ దాదాపు అందరూ ఒకే చోట బోల్తా పడ్డారు. మూడో సిగ్నల్ 2 హెర్ట్జ్ (సెకనుకు రెండు ఊపులు) దగ్గర ఉంది కదా అని "ఇది ఎల్‌పీ (లాంగ్ పీరియడ్, నెమ్మది ఊపుల సిగ్నల్), అంటే మాగ్మా పైకి వస్తోంది, ఇక పేలుతుంది" అని రాసేశారు. దాన్ని నమోదు చేసిన స్టేషన్ అగ్నిపర్వతానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉందని పక్కనే రాసిపెట్టాను, దాని జోలికి ఎవరూ పోలేదు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న లావా గుమ్మటాల పాఠం వాయిదా వేస్తున్నాను. ఇది తేలకుండా ముందుకు పోతే తర్వాతి పాఠాలన్నీ తప్పుడు పునాది మీద లేస్తాయి.

వీటీ (వోల్కనో-టెక్టోనిక్) అంటే రాయి విరగడం వల్ల వచ్చే భూకంపం, ఎల్‌పీ అంటే 0.5 నుంచి 5 హెర్ట్జ్ మధ్య సాగే సిగ్నల్. ఇవి మళ్లీ చెప్పను, మూడో పాఠం తీసి చూసుకోండి.

ఇప్పుడు 2024 డిసెంబర్ 4 పొద్దున గుర్తు తెచ్చుకోండి. 7 గంటల 27 నిమిషాలకు గోదావరికి ఆవల ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మన వైపు కిటికీలు, గిన్నెలు గడగడలాడాయని మీరే రాశారు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లలో ఉన్న చుట్టాలేమో ఫ్యాన్లు మెల్లగా ఊగాయన్నారు. భూకంపం ఒక్కటే, విరిగిన రాయీ ఒక్కటే. దూరం పోయేకొద్దీ చురుకైన కదలిక చచ్చిపోయి నెమ్మదైన ఊపు మిగిలింది. (ఎత్తైన బిల్డింగ్ నెమ్మది ఊపునే ఎక్కువగా పట్టుకుంటుంది, ఆ తేడా కూడా ఇందులో కలిసి ఉంది.)

ఎందుకలా అవుతుందో లెక్క వేసి చూడండి. తరంగం ఒక్కో ఊపుకి తన శక్తిలో కొంత భాగం రాతిలో పోగొట్టుకుంటుంది. వేగం సెకనుకు 3 కిలోమీటర్లనుకుంటే 30 కిలోమీటర్లు పోవడానికి 10 సెకన్లు. ఆ 10 సెకన్లలో 1 హెర్ట్జ్ తరంగం 10 సార్లు ఊగుతుంది, 10 హెర్ట్జ్ తరంగం 100 సార్లు ఊగుతుంది. ప్రతి ఊపుకీ చెల్లించాల్సిందే కాబట్టి 10 హెర్ట్జ్‌ది దారిలోనే ఖాళీ అయిపోతుంది. అగ్నిపర్వతం మీద ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పైపొరలన్నీ బూడిద, పగిలిన లావా, వదులు రాళ్లు. దూరపు స్టేషన్లో అచ్చమైన వీటీ కూడా ఎల్‌పీలా కనిపించేది అందుకే. మన మూడో సిగ్నల్ అదే. 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్టేషన్లో అదే ఘటన 10 హెర్ట్జ్ దాకా పదునుగా, పీ తరంగం (అన్నిటికంటే ముందు చేరేది) స్పష్టంగా కనిపిస్తోంది, ఈసారి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

అక్కడ ఎస్ తరంగం (పీ వెనకాల నెమ్మదిగా వచ్చేది) విడిగా కనిపించడం లేదు కదా అని మళ్లీ ఎల్‌పీ అనకండి. మరీ దగ్గరి స్టేషన్లో పీ, ఎస్ మధ్య సెకను కూడా ఉండదు, రెండూ అతుక్కుపోతాయి. "ఎస్ లేదు కాబట్టి ఎల్‌పీ" అనే మాట చాలా నోట్సుల్లో చూస్తుంటాను, నాకు ఒళ్లు మండుతుంది. దూరం చూడకుండా ఆ మాటకు అర్థమే లేదు.

సరే, దగ్గరి స్టేషన్లో కూడా ఫ్రీక్వెన్సీ తక్కువే ఉందనుకుందాం. అప్పుడైనా అది మాగ్మా అనొచ్చా? ఇక్కడ పెద్ద పెద్ద శాస్త్రవేత్తల మధ్యే వాదన ఉంది. బెర్నార్డ్ షూయే 1980ల్లో చెప్పినదాని ప్రకారం ద్రవమో వాయువో నిండిన పగులు ఒక్కసారి కదిలితే దాని గోడల వెంట నెమ్మదైన తరంగాలు అటూ ఇటూ తిరిగి, పగులు మొత్తం ఒకే స్వరంలో మోగుతుంది. ఆ నిండింది మాగ్మాయే కానక్కర్లేదు, వేడెక్కిన భూగర్భజలం ఆవిరైనా చాలు. 2014లో క్రిస్ బీన్ బృందం అసలు ద్రవమే అక్కర్లేదంది. కొండ పైభాగంలో మెత్తటి పదార్థం నెమ్మదిగా విరిగినా అలాంటి సిగ్నలే వస్తుందని చూపించింది.

అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం మీద 2004లో మొదలైన విస్ఫోటనం చూడండి. గట్టిపడిన డేసైట్ అనే లావా రాయి బిలం నుంచి దిమ్మలా పైకి తోసుకొస్తుంటే, గడియారం పెట్టి కొట్టినట్టు ఒకే పోలికతో చిన్న చిన్న భూకంపాలు వరుసగా వచ్చాయి. ఆ దిమ్మ పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకోవడమే కారణమని 2006లో ఐవర్సన్ బృందం రాసింది. 2008లో వెయిట్, షూయే, డాసన్ అవే సిగ్నళ్లు చూసి ఆవిరి నిండిన పగులు మోగుతోందన్నారు. అంత దగ్గర పరికరాలు పెట్టుకున్నవాళ్లే రెండు కారణాలు చెబుతుంటే, మీరు ఒక్క గీత చూసి "మాగ్మా" అని ఎలా రాస్తారు?

ట్రెమర్ (ఆగకుండా సాగే కంపనం) విషయం కూడా ఇంతే. ఆగకుండా సాగితే అది వేరే జాతి అనుకోకండి. అలాస్కాలోని రీడౌట్ 2009లో పేలుతున్న రోజుల్లో చిన్న భూకంపాలు దగ్గర దగ్గరగా వస్తూ వస్తూ సెకనుకు 30 దాకా చేరాయి. బుల్లెట్ బండి స్లోలో ఉన్నప్పుడు ఒక్కో దెబ్బ విడిగా వినిపించి, యాక్సిలరేటర్ పెంచితే ఒకటే మోతగా కలిసిపోయినట్టు, ఆ భూకంపాలు కలిసిపోయి స్వరం పైకి పాకే ట్రెమర్ అయ్యాయి. తర్వాత కాసేపు నిశ్శబ్దం, ఆ వెంటనే పేలుడు. ఆ నిశ్శబ్దాన్ని "తగ్గింది" అని రాసిన వాళ్లున్నారు, దయచేసి అలా రాయకండి. కొలంబియాలో గలేరాస్ 1993 జనవరి 14న పేలినప్పుడు బిలం దగ్గర తొమ్మిది మంది చనిపోయారు, అందులో ఆరుగురు శాస్త్రవేత్తలే. అంతకు ముందు టోర్నిల్లోలు, అంటే నిదానంగా సన్నబడుతూ పోయే పొడవాటి సిగ్నళ్లు, కొద్దిగా మాత్రమే వచ్చాయి, అంటే సిగ్నళ్లు తక్కువైనంత మాత్రాన ప్రమాదం తగ్గినట్టు కాదు.

స్వరం పైకో కిందికో పాకే ప్రతిదీ ట్రెమర్ అని కూడా అనుకోవద్దు. హెలికాప్టర్ దాటిపోతే, ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో అచ్చం అలాంటి గీతలే పడతాయి, కాకపోతే దగ్గరికొచ్చి దూరమవుతున్నప్పుడు స్వరం కిందికి జారుతుంది. రాళ్లు దొర్లితే మొదలు ఎక్కడో తెలియకుండా ఉబ్బి మెల్లగా తగ్గే సిగ్నల్ వస్తుంది. బురద ప్రవాహం నిమిషాల తరబడి సాగుతుంది, ఫ్రీక్వెన్సీ కూడా ఎక్కువ. హవాయిలోని కిలావేయా అగ్నిపర్వతంలో 2018లో బిలం అడుగు మెట్లు మెట్లుగా కుంగినప్పుడు ఒక్కో కుంగుబాటుకు 5 దాటిన తీవ్రత నమోదైంది. అక్కడ మాగ్మా పైకి రావడం కాదు, కింది నుంచి పక్కకు వెళ్లిపోవడం వల్ల కప్పు కూలింది.

నేనైతే గీతలు చూడకముందే సిగ్నల్‌ని 60 రెట్లు వేగం పెంచి ఆడాసిటీ అనే సౌండ్ సాఫ్ట్వేర్లో వింటాను. 1 హెర్ట్జ్ కాస్తా 60 హెర్ట్జ్ అవుతుంది, చెవికి అందుతుంది. వీటీ టక్కుమంటుంది, ఎల్‌పీ మోగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో 60 హెర్ట్జ్ వినపడదు.

ఇక అభ్యాసం. పేలుడు జరిగితే భూమిలోంచి పీ తరంగం ముందు వస్తుంది, గాలిలోంచి శబ్దం తర్వాత వచ్చి స్టేషన్‌ని మళ్లీ కుదుపుతుంది. పీ వేగం సెకనుకు 3 కిలోమీటర్లు, శబ్దం 340 మీటర్లు అనుకుంటే కిలోమీటరుకు దాదాపు 2.6 సెకన్ల తేడా. 5 కిలోమీటర్ల స్టేషన్లో 13 సెకన్లు అన్నమాట. ఇప్పుడు ఇది చేయండి: ఒక స్టేషన్లో తేడా 26 సెకన్లు, రెండోదాంట్లో 39, మూడోదాంట్లో రెండో కుదుపే లేదు. మూడింటిలోనూ మొదటి కుదుపు 2 హెర్ట్జ్ దగ్గరే ఉంది. మొదటి రెండు స్టేషన్లు బిలానికి ఎంత దూరమో లెక్క కట్టండి. మూడోదాంట్లో శబ్దం ఎందుకు అందలేదో కనీసం రెండు కారణాలు రాయండి, గాలి దిశను మర్చిపోకండి. తర్వాత, ఈ వివరాలతో మాత్రమే మూలం ఎల్‌పీ అని చెప్పగలమా లేదా రాయండి, చెప్పలేకపోతే ఇంకే స్టేషన్ రికార్డు కావాలో అడగండి. జవాబులో ప్రతి సిగ్నల్ పక్కన స్టేషన్ దూరం రాయకపోతే దిద్దకుండా తిప్పి పంపిస్తాను.