పేలుడు జ్ఞాపకం తిరిగి వచ్చినప్పుడు

2007 ఆగస్టు 25 సాయంత్రం హైదరాబాదులో లుంబినీ పార్కులోను, కోఠీలోని గోకుల్ చాట్ దుకాణంలోను బాంబులు పేలినప్పుడు నేను అక్కడ కోఠీలోనే ఉన్నాను. విశాఖపట్నంలో స్థిరపడిన తరువాత కూడా, నౌకాదళ దినోత్సవ విన్యాసాల కోసం ఆర్కే బీచ్‌లో జరిపే పేలుళ్లు వినబడగానే నా చేతులు చల్లబడేవి. ఇటువంటి స్థితిలో ఉన్నవారు ఆ శబ్దాలు ఏ రోజు వస్తాయో ముందే తెలుసుకుని, ఇంట్లోవారికి చెప్పి ఉంచాలి.

భయం కమ్ముకున్నప్పుడు పాదాలను నేలకు గట్టిగా ఆనించి, ఊపిరిని పీల్చిన దానికంటే నెమ్మదిగా వదులుతూ, కంటికి కనిపించే అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. నేనైతే ఆనాటి తేదీతో మొదలుపెట్టి, మా వరండానూ దూరాన డాల్ఫిన్స్ నోస్ కొండనూ పేరుపెట్టి పలుకుతాను.

జ్ఞాపకాన్ని వ్రాయదలచినవారు పగటిపూట, ఇంట్లో మరొకరు ఉండగా, పదిహేను నిమిషాలు మాత్రమే వ్రాయడం మంచిది. పేలుడు క్షణం దగ్గరే ఆగిపోకుండా, ఎవరు చేయి పట్టుకుని నడిపించారో, ఇంటికి ఎలా చేరారో కూడా వ్రాయండి. నాకు మంచినీళ్లు ఇచ్చిన ఒక పెద్దావిడ ముఖం పదేళ్ల తరువాత అలా వ్రాస్తుండగానే గుర్తుకు వచ్చింది, ఆ రోజు నేను చాలాసేపు ఏడ్చాను. పాత వీడియోలు మాత్రం చూడకండి.

నిద్ర, పనులు దెబ్బతింటుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖపట్నంలోనైతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లవచ్చు. ఎన్నేళ్లు గడిచినా వెళ్లడానికి ఆలస్యమైనట్లు కాదు.